చెన్నైకి ఎన్ని తడులు

రాజమండ్రి నుంచి చెన్నై ఎంత దూరమని ఫోన్‌ని అడిగితే, నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు, విమానంలో గంటా ముప్పై అయిదు నిమిషాలు అని చెబుతుంది. నన్నడిగితే ఆ ఫోన్‌ని తీసుకెళ్ళి గోదాట్లో పారెయ్యమంటాను. అది చెప్పింది అబద్ధం కాదు. నాకు ఒళ్ళు మండేది అందుకే. అబద్ధమైతే ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట పట్టుకునేవాడు.

నేను ధవళేశ్వరంలో ఒక పీతల డిపోలో గుమస్తాని. కోమట్ల ఇంట్లో పుట్టి, పీతల పెట్టెలకు చీటీలు రాస్తూ బతుకుతున్నానని మా అమ్మ జగదాంబకి ఇప్పటికీ బెంగే. సాయంత్రం నేను దొడ్డిదారినే రావాలి, నూతి దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకున్నాకే గడప దాటాలి. పీత రుచి ఎలా ఉంటుందో నాకు తెలీదు. పీత ఎలా చచ్చిపోతుందో మాత్రం తెలుసు. అది నాకు నేర్పింది రత్తమ్మ.

రత్తమ్మ మా డిపోలో పీతలు కట్టే మనిషి. ఆ పని చూడని వాళ్ళకి కొంచెం చెప్పాలి. సముద్రం దగ్గర మడ అడవుల బురదలో దొరికే మండపీత అరకిలో దాకా తూగుతుంది. దాని డెక్కల మధ్య వేలు పడితే ఆ వేలు మీద ఆశ వదులుకోవాలి. అందుకని పీత ప్రాణంతో ఉండగానే రెండు డెక్కలూ మడిచి తాడుతో కట్టెయ్యాలి. కట్టు వదులైతే పెట్టెలో అవి ఒకదాన్నొకటి నరుక్కుంటాయి. మరీ బిగిస్తే డెక్క ఊడి చేతికొస్తుంది, డెక్క ఊడిన పీత ఎక్కువసేపు బతకదు. రత్తమ్మ ఎడమ పాదంతో పీత వీపు తొక్కిపట్టి, తాడు కొస పళ్ళ మధ్య పెట్టుకుని, డెక్కలు మడిచి నాలుగు చుట్లు చుట్టి ముడేస్తుంది. మనం రెండుసార్లు ఊపిరి పీల్చేలోగా అయిపోతుంది. ఆ కాసేపూ నోట్లో తాడు ఉంది కాబట్టి మాట్లాడదు. తాడు తీశాక దాన్ని తిడుతుంది.

“ఏంటే అంత తొందర? చెన్నైలో నీకేమన్నా పెళ్ళా?”

ఆవిడ పుట్టింది అంతర్వేది అవతల సముద్రం ఒడ్డు పల్లెలో. తొమ్మిదో ఏట తండ్రి బుల్లియ్య ఆవిడ చేతిలో తాడు పెట్టాడు. పదకొండో ఏట కుడిచేతి చిటికెనవేలు చివర పోయింది. ఆ మాటెత్తితే, “అది నా తప్పేనండి, పీతది కాదు. నేను అటు చూస్తా కట్టాను,” అంటుంది. గంగయ్యని పెళ్ళి చేసుకుని ధవళేశ్వరం వచ్చింది. గంగయ్య ఆనకట్ట దిగువన వల వేసేవాడు. ఆరేళ్ళ క్రితం నడుం పట్టేసి, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసే పనికి మారాడు. రత్తమ్మకి ఇప్పుడు యాభై అయిదు. అంటే నలభై ఆరేళ్ళుగా పీతలు కడుతోంది. అందులో ఇరవై ఏళ్ళు మా డిపోలోనే. ఇప్పుడు డిపోలో కూర్చునే మిగతా అయిదుగురు ఆడవాళ్ళకీ కట్టు నేర్పింది ఆవిడే. అందులో ఒకతి, సత్యవాణి, ఆవిడ చెల్లెలి కూతురు.

రత్తమ్మకి కిలోమీటర్లు పట్టవు. ఆవిడ లెక్కంతా తడుల్లో. పొలానికి ఎన్ని తడులు పెట్టామని రైతు చెప్పుకున్నట్టే, పీతల మీద కప్పిన గోనెని ఉప్పునీళ్ళతో ఎన్నిసార్లు తడపాలన్నదే ఆవిడకి దూరం. మూడు గంటలకో తడి. కాకినాడ అయితే తడి ఆరకముందే చేరిపోవచ్చు. విశాఖపట్నం ఒక తడి. హైదరాబాదు మూడు. చెన్నై నాలుగు. నేను పనిలో చేరిన కొత్తలో పెట్టె మీద చెన్నై అని రాస్తుంటే పక్కకొచ్చి, “గుమస్తా గారు, ఎన్ని తడులో కూడా రాయండి. దారిలో డ్రైవరుకి కావాల్సింది అదేనండి,” అంది. అప్పటినుంచీ రాసేవాణ్ణి. రోడ్డు మీద చెన్నై ఆరు వందల కిలోమీటర్లకు పైమాటే, పదమూడు గంటలు. మా డ్రైవరు చిట్టియ్య విజయవాడలో ఒకటి, ఒంగోల్లో ఒకటి, నెల్లూర్లో ఒకటి, ఊళ్ళోకి వెళ్ళేముందు ఒకటి పెట్టేవాడు. ఉప్పునీళ్ళ పీపా బండిలోనే ఉండేది. నూటికి నాలుగో అయిదో పోయేవి. చెన్నై వ్యాపారి కిక్కురుమనేవాడు కాదు.

ఇలా ఉండగా మహేంద్ర వచ్చాడు.

మహేంద్ర మా షావుకారు జోగేశ్వరరావు గారి మేనల్లుడు. ముప్పై ఏళ్ళు లేవు. బెంగళూర్లో సరుకు రవాణా గురించి ఏదో చదివాడు. వచ్చిన వారంలోనే పీతలు ఇక రోడ్డు మీద కాదు, మధురపూడి నుంచి విమానంలో వెళ్తాయన్నాడు. షావుకారు గారికి డెబ్భై దాటాయి, చెవి మందం. మేనల్లుడు గట్టిగా మాట్లాడతాడు కాబట్టి అతని మాట ఈయనకి బాగా వినపడుతుంది. డిపో గోడ మీద ఒక పలక వేయించారు. ‘రాజమండ్రి – చెన్నై: 480 కి.మీ. 1 గం. 35 ని.’ అక్షరాలు కంప్యూటర్లో కొట్టి ప్రింటు తీసి ఇచ్చింది నేనే. ఏ పాపిష్టి పనిలో చూసినా చివరికి నా చెయ్యి ఉంటోంది.

విమానంలో పెట్టెలోంచి చుక్క కారితే తీసుకోరు. కాబట్టి గోనె తడపడం మానెయ్యమన్నాడు. పెట్టెలో సర్దేముందు ఒక్క తడి, ఆ పైన మూత వేసి టేపు అంటించెయ్యడమే. రత్తమ్మ చేతిలో పీతని పక్కన పెట్టి లేచింది.

“బాబు గారు, పొద్దున్న తొమ్మిదింటికే పెట్టెలు మూసేస్తన్నాం. విమానం సాయంత్రం కదండి?”

“మధ్యలోది వెయిటింగ్ టైమ్, రత్తమ్మా. ట్రావెల్ టైమ్ గంటన్నరే.”

“ఆ రెండూ వేరని పీతకి తెలీదండి.”

మహేంద్ర నవ్వాడు. “సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి. నువ్వు కట్టు సంగతి చూసుకో. టైము సంగతి నేను చూసుకుంటాను.”

“పోనీ మూడింటికి మూసి నాలుగింటికి పంపండి. మధురపూడి ఎంతండి, ముప్పావుగంట.”

అది కుదరదట. మధ్యాహ్నం నుంచి మా వ్యాను ఇంకో కంపెనీకి చేపల మేత బస్తాలు మోస్తుంది. అది మహేంద్ర కొత్తగా తెచ్చిన బేరం. అందుకని పీతలు పొద్దున్నే వెళ్ళిపోవాలి. ఆవిడ మళ్ళీ ఏదో అనబోయింది. అతను అప్పటికే చెవికి ఫోన్ ఆనించుకుని బయటికెళ్ళిపోయాడు. తల్లి వయసు మనిషి మాట్లాడుతుంటే వీపు చూపించాడు. నేను చూశాను. చూసి, తల దించుకుని చీటీలు రాసుకున్నాను.

చలికాలమంతా ఎలాగో గడిచింది. చల్లదనం పీతల్ని కాచింది, పేరు మహేంద్రకి వచ్చింది. ఎండలు ముదిరాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, పీత రోలు కన్నా గట్టిది కాదు కదా. ఒక సోమవారం పన్నెండు పెట్టెలు వెళ్ళాయి, పెట్టెకి ఇరవై. మంగళవారం పొద్దున్న చెన్నై నుంచి ఫోటో వచ్చింది. రెండు వందల నలభైలో తొంభై ఏడు చచ్చిపోయాయి. కారణం రాతపూర్వకంగా పంపకపోతే ఇక సరుకు దింపుకోనని వ్యాపారి కబురు చేశాడు.

ఆడలేనమ్మ మద్దెల ఓడందట. మహేంద్ర ఫోటో చూసి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. “కట్టు బిగుసుకుంది,” అన్నాడు.

రత్తమ్మ ఫోన్ అందుకుని, తెర మీద వేలితో పెద్దది చేయించుకుని, చాలాసేపు చూసింది. “డెక్కలన్నీ ఉన్నాయి కదండి. బిగిస్తే ఊడాలి. ఒక్కటి ఊడింది చూపించండి.”

“అవన్నీ నాకు తెలీదు. కట్టింది మీరు. మీ అందరికీ నేర్పింది నువ్వు.”

నన్ను పిలిచి కాగితం టైపు చెయ్యమన్నాడు. చేశాను. ‘కట్టు ఎక్కువ బిగువుగా ఉండటం వలన పీతలు చనిపోయినవి. ఇందుకు బాధ్యత నాదే.’ కింద రత్తమ్మ పేరు. ఆవిడ సంతకం పెడితే ఆవిడొక్కతే పని మానెయ్యాలి. పెట్టకపోతే ఆరుగురినీ తీసేసి, రబ్బరు బ్యాండ్లు వేసే వాళ్ళని బయటినుంచి తెప్పిస్తానన్నాడు. సత్యవాణికి అయిదో నెల. ఆ పిల్ల చేతిలో తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నిజం చెప్పొద్దూ, పోనీ సంతకం పెట్టేస్తే బాగుండునని నాకూ అనిపించింది. అయిదుగురి పని నిలబడుతుంది, గొడవ వదులుతుంది. అనిపించినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఈ ఒడ్డున పీత కట్టేవాళ్ళు ఎవరికైనా ఉన్నది ఒక్క పేరే. ఫలానా మనిషి కట్టిన పీత చావదు అన్నదే ఆ పేరు. బిగించి చంపింది అని ఒకసారి కాగితం మీద పడితే, కాకినాడ నుంచి నరసాపురం దాకా ఏ డిపోలోనూ ఆవిడ చేతికి తాడు ఇవ్వరు. నలభై ఆరేళ్ళూ ఒక్క వాక్యంలో కొట్టుకుపోతాయి. ఆ వాక్యం నేను రెండు వేళ్ళతో టకటకా కొట్టాను.

రత్తమ్మ అరవలేదు. ఏడవలేదు. కాగితం మడిచి నాకే ఇచ్చి, “రేపు పెట్టెల కూడా నేనూ వెళ్తానండి, బాబు గారు. వచ్చాక చెప్తాను. గుమస్తా గారిని కూడా పంపండి, టైము రాస్తారు,” అంది.

మహేంద్రకి అది వేళాకోళంగా ఉంది. “వెళ్ళు. విమానం చూసొస్తావు,” అన్నాడు.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి పన్నెండు పెట్టెలకూ టేపు వేశారు. నేను పుస్తకంలో రాశాను. పదకొండింటికి వ్యాను కదిలింది. రత్తమ్మ ముందు సీట్లో కూర్చోనంది. వెనక పెట్టెల మధ్య కూర్చుంది. నేను ముందు చిట్టియ్య పక్కన కూర్చున్నాను. విమానాశ్రయం రోడ్డు మీద, గేటుకి ఇంకా దూరంగానే, సరుకు అందుకునే ఏజెంటు రేకుల షెడ్డు ఉంది. పన్నెండుకి పది నిమిషాలుండగా పెట్టెలు అక్కడ దింపేసి, “మేత బస్తాలకి టైమైపోతంది అక్కా,” అంటూ చిట్టియ్య వ్యాను తిప్పుకుని వెళ్ళిపోయాడు.

షెడ్డు కాపలా మనిషి పేరు సత్తియ్య. పెద్దవాడు, మంచివాడు. మాకు కుండలో నీళ్ళిచ్చాడు. “విమానం ఆరూ ఇరవైకండి. నాలుగున్నరకి గానీ తూకం వెయ్యరు,” అన్నాడు.

పైన రేకులు. కింద సిమెంటు. గోడలు లేవు, అయినా గాలి లేదు. నా చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. అక్కడ పది నిమిషాలు కూర్చునేసరికి నాకే కళ్ళు తిరిగాయి. రత్తమ్మ చీర కొంగు ఒక పెట్టె మీద కప్పింది. అక్కడున్న అట్టముక్కలు ఇంకో రెండు పెట్టెల మీద వేసింది. మిగతావాటికి ఏమీ దొరకలేదు.

పన్నెండింటికి, “ఒక తడి, గుమస్తా గారు. రాసుకోండి,” అంది. తడి పెట్టాల్సిన వేళ అయిందని. ఆవిడ చేతిసంచిలో రెండు సీసాల ఉప్పునీళ్ళున్నాయి. టేపు విప్పితే ఏజెంటు పెట్టె తీసుకోడు. నీళ్ళు పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు.

ఒకసారి నన్ను పిలిచి పెట్టెకి చెవి ఆనించమంది. ఆనించాను. లోపల చిటచిటమని సన్నటి చప్పుడు. పీతలు నురగ కక్కుతుంటే వచ్చే చప్పుడట అది. తడి ఉన్నంతసేపూ వినపడుతుందట. నా జన్మలో పీతకి అంత దగ్గరగా నేనెప్పుడూ వెళ్ళలేదు. మూడింటికి, “రెండో తడి,” అంది. మళ్ళీ పెట్టెలకి వరసగా చెవి ఆనిస్తూ వెళ్ళింది. తొమ్మిదో పెట్టె దగ్గర ఆగిపోయింది. రెండో చెవి పెట్టి చూసింది. నేనూ పెట్టాను. ఏమీ వినపడలేదు.

అక్కడే నాకు కోపం వచ్చింది. మహేంద్ర మీద కాదు, ముందు నా మీద. ‘గంటా ముప్పై అయిదు నిమిషాలు’ అని కొట్టిన వేళ్ళు ఇవే. ఆరేడు నెలలుగా ప్రతి పెట్టె మీదా తడుల లెక్క మానేసి నిమిషాల లెక్క అంటించిన చేతులు ఇవే.

సత్తియ్య బీడీ ఆర్పి మా దగ్గరికొచ్చాడు. “ఇది రోజూ ఉండేదేనమ్మా. నాలుగింటికి తెస్తే చాలని మీ మహేంద్ర బాబు గారికి ఫోన్‌లో మూడుసార్లు చెప్పాను. సరే సరే అంటారు, మళ్ళీ పన్నెండింటికే దింపేస్తారు.”

“సోమవారం కూడా చెప్పారా అండి?” అని రత్తమ్మ అడిగింది.

“ఆయ్. సోమవారం పొద్దున్నే చెప్పాను.”

ఆవిడ పుస్తకంలో ఆ మాట కూడా రాయమన్నట్టు నా వైపు చూసింది. రాశాను, కింద సత్తియ్య చేత సంతకం పెట్టించాను.

నాలుగున్నరకి తూకమైంది. అయిదింటికి ఏజెంటు మనిషి వచ్చి, ఈ ఎండకి విమానం ఎక్కువ బరువు మొయ్యదని, మనుషుల సామాను పోగా ఏడు పెట్టెలకే చోటుందని, మిగతా అయిదూ రేపు వెళ్తాయని చెప్పి వెళ్ళిపోయాడు. రేపటిదాకా అవి ఆ షెడ్డులోనే ఉండాలి. రత్తమ్మ ఆ అయిదింటి మీదా చెయ్యి వేసి, “ఇయ్యి ఎక్కడికీ రావు,” అంది. సత్తియ్య అడ్డు చెప్పలేదు. ఆటో పిలిచి ఎక్కించాం. మేం రోడ్డెక్కేసరికి విమానం నెత్తి మీదనుంచి లేచింది. చిన్న విమానం, తెల్లగా ఉంది. ఆరూ ఇరవై అన్నారు, ఆరూ ఇరవై అయిదుకి ఎగిరింది. గంటన్నరలో చెన్నైలో దిగే ఉంటుంది. దాన్ని అనడానికేమీ లేదు.

డిపోకొచ్చి ఆ అయిదు పెట్టెలూ విప్పి ఉప్పునీళ్ళు పోసింది. వందలో యాభై తొమ్మిది కదిలాయి. కదలని నలభై ఒకటీ విడిగా తీసి, తడిగోనె మీద వరసగా పేర్చింది. వాటి కట్లు విప్పలేదు.

మర్నాడు పొద్దున్న షావుకారు గారు కుర్చీలో కూర్చున్నాక ఆ గోనె ఆయన ముందు పరిచింది. ఆయన శాకాహారి, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. ఆడవాళ్ళందరూ పని ఆపి చుట్టూ చేరారు. మహేంద్ర గుమ్మంలో నిలబడ్డాడు.

“షావుకారు గారు, నలభై ఒకటున్నాయండి. ఎనభై రెండు డెక్కలు. లెక్కెట్టుకోండి, ఒక్కటి ఊడలేదు.”

ఆవిడ మాట్లాడటం అయ్యాక నేను పుస్తకం తీశాను. గట్టిగా చదివాను, ఆయనకి వినపడేలా. తొమ్మిదింటికి పెట్టె మూశారు. పన్నెండుకి పది నిమిషాలుండగా రేకుల కింద దింపారు. ఆరూ ఇరవై అయిదుకి విమానం లేచింది. చెన్నైలో పెట్టె విప్పేది రాత్రి పదింటికి, ఆ వ్యాపారి పంపిన సోమవారం నాటి ఫోటో మీదే ఆ టైముంది. మొత్తం పదమూడు గంటలు. రోడ్డు మీద వెళ్ళినప్పుడూ పదమూడు గంటలే. తేడా ఒక్కటే, అప్పుడు దారిలో నాలుగుసార్లు తడి పడేది, ఇప్పుడు ఒక్కసారీ పడటం లేదు. సత్తియ్య సోమవారం ఫోన్ చేశాడన్నదీ చదివాను. అది చదువుతుంటే మహేంద్ర నా వంక చూసిన చూపు నాకు గుర్తుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగం అక్కడితో ఆఖరు అనుకున్నాను.

షావుకారు గారు వంగి ఆ డెక్కల్ని వరసగా చూశారు. ఆ తర్వాత, “రేపట్నుంచి వ్యాను నాలుగింటికి బయల్దేరుతుంది. మేత బస్తాలు ఇంకెవరితోనైనా మోయించుకోమను. ఈ ఆడవాళ్ళెవరూ పని మానక్కర్లేదు,” అన్నారు.

సత్యవాణి ఊపిరి వదలడం నాకు వినపడింది. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం అందరం.

“ఇంక ఆ కాగితం,” అన్నారు షావుకారు గారు. “చెన్నై వాడు అడుగుతున్నాడు కదా, రత్తమ్మా. నువ్వు ఓ సంతకం పెట్టెయ్యి. ఊరికే మాటవరసకి. నీ పని ఎక్కడికీ పోదు, నాదీ పూచీ.”

అంతా విని, అంతా తెలిసి, డెక్కలు కళ్ళారా చూసి, మళ్ళీ అదే కాగితం.

“నేను చంపలేదని మీరే ఒప్పుకున్నారు కదండి?” అంది రత్తమ్మ.

“ఒప్పుకున్నాను. కాదన్నానా? వాడికి ఏదో ఒకటి పంపాలి కదా.” నమ్మకం కుదర్చడానికో ఏమో, ఆయనే చెన్నైకి ఫోన్ కలిపారు. చెవి మందం కాబట్టి ఆయన ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతారు. ఆ వ్యాపారి కూడా తెలుగువాడే, నెల్లూరు వైపు. “కారణం తెలిసిందయ్యా, ఎండలో ఉంచేశారట మావాళ్ళు,” అన్నారు షావుకారు గారు.

అవతల్నుంచి తాపీగా వచ్చింది జవాబు. “ఎండేనని మాకు తెలుసులెండి. ఈ సీజన్లో అందరి సరుకూ అలాగే వస్తోంది, అందరూ కట్టు తప్పనే రాసి పంపుతున్నారు. నాకు ఫైల్లో ఒక కారణం, ఒక పేరు ఉంటే చాలండీ. ఎవరిదో ఒకరిది రాసి పంపెయ్యండి.”

ఫోన్ పెట్టేశారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ధవళేశ్వరంలో తెలుసు, మధురపూడిలో తెలుసు, చెన్నైలో తెలుసు. తెలిసి కూడా ఇంతమందికి ఒక ఆడమనిషి పేరు కావాల్సొచ్చింది. ఈ తీరం పొడుగునా ఇంకెంతమంది కట్టేవాళ్ళ పేర్లు ఆ ఫైల్లో ఉన్నాయో. ఆ క్షణాన ఎవరైనా నన్ను ముట్టుకుంటే కొట్టేవాణ్ణేమో.

రత్తమ్మ మాత్రం నెమ్మదిగా నా బల్ల దగ్గరికొచ్చింది.

“గుమస్తా గారు, ఎవరిదో ఒకరి పేరు చాలన్నారు కదండి?”

“అన్నారమ్మా.”

“అయితే మహేంద్ర బాబు గారిది రాయండి. సంతకమే కదా, ఊరికే మాటవరసకి.”

నేను షావుకారు గారి వైపు చూడలేదు. పాత కాగితంలో ‘కట్టు ఎక్కువ బిగువుగా ఉండటం వలన’ అన్నది తీసేసి, ‘పెట్టెలు ఎండలో ఉంచటం వలన’ అని కొట్టాను. రత్తమ్మ పేరు చెరిపి మహేంద్ర పేరు కొట్టాను. ప్రింటు తీసి, కలం మూత విప్పి, రెండూ తీసుకెళ్ళి అతని ముందు పెట్టాను. నా చేతులు ఆ రోజు చేసిన మంచి పని అదొక్కటే.

అతను కలం ముట్టుకోలేదు. మొహం కందిపోయింది. “ఏంటి మావయ్యా ఇది? నేనెందుకు పెడతాను సంతకం? మార్కెట్లో రేపు నా పేరు పోదా?”

“పోతుందండి,” అంది రత్తమ్మ.

ఆవిడ వెళ్ళి తన పీట మీద కూర్చుని, బుట్టలోంచి ఒక పీతని తీసి, పాదం కింద పెట్టుకుంది.